నెబ్యులైజర్ మందంతా రెండు పీల్పుల్లో లోపలికి పంపే ఇన్‌హేలర్ ఎందుకు రాలేదు?

మీరు అడిగింది ఇదీ: ద్రవమందుని పొగమంచులా చేసి పీల్పించే నెబ్యులైజర్‌కి పదిహేను నిమిషాలు పడుతోంది కదా, ఆ మందంతా ఒకటి రెండు పీల్పుల్లో పంపే ఇన్‌హేలర్ చేయలేమా? నాజిల్ పెద్దది చేసి ప్రెషర్ పెంచితే చాలదా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?

నేను మెకానికల్ చదివి, హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీలో ఇన్‌హేలర్లు పరీక్షించే ల్యాబ్‌లో ఆరేళ్లు పనిచేశాను. ఇంట్లో మా నాన్న సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) పేషెంటు. కందుకూరు దగ్గర మా ఊళ్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పొగలో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

మందు చిమ్మడం కష్టమేమీ కాదు. కష్టమంతా గొంతు వెనక మలుపు దగ్గర ఉంది. నోట్లోంచి అడ్డంగా వెళ్లిన గాలి అక్కడ ఒక్కసారిగా కిందికి తిరగాలి. కల్లంలో తూర్పారబట్టడం చూసే ఉంటారు. బరువైన గింజ గాలి మాట వినదు, తాలు గాలితోపాటే పోతుంది. గొంతులోనూ అంతే. సన్నటి కణం గాలితో తిరిగిపోతుంది, లావుది తిరగలేక గోడకి కొట్టుకుని అంటుకుపోతుంది. అక్కడ అంటుకున్న మందు కడుపులోకి పోతుందే గానీ ఊపిరితిత్తులకి అందదు.

ఈ కొట్టుకోవడం కణం వ్యాసం వర్గాన్నీ, పీల్చే గాలి వేగాన్నీ బట్టి పెరుగుతుంది. 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్కని 6 చేస్తే గోడకి తగిలే ధోరణి నాలుగింతలు. మరీ సన్నగా, 1 మైక్రాన్ కంటే తక్కువ చేస్తే చాలా భాగం మళ్లీ ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. అందుకే అందరూ 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య పనిచేస్తారు. అసలు ఇరకాటం ఏమిటంటే, చుక్క మోసే మందు వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 5 మైక్రాన్ల చుక్క ఒక్కటి, 1 మైక్రాన్ చుక్కలు 125 మోసేంత మందు మోస్తుంది. ఎక్కువ మందు పంపాలనుకున్న ప్రతి ఇంజినీరుకీ చుక్కని లావు చేయాలనే అనిపిస్తుంది. గొంతు పట్టేసుకునేది సరిగ్గా ఆ లావు చుక్కల్నే.

ఇప్పుడు మీ నాజిల్ సంగతి. రంధ్రం పెద్దదైతే చుక్క పెద్దదవుతుంది. ప్రెషర్ పెంచితే చుక్క సన్నబడుతుంది గానీ ధార వేగం పెరిగి నేరుగా గొంతుకే తగులుతుంది. 1956లో అమెరికాలో రైకర్ ల్యాబొరేటరీస్ మొదటి పఫ్ ఇన్‌హేలర్ తెచ్చిన దగ్గర్నుంచీ ఈ తంటా ఉంది. ఇప్పటి క్యానిస్టర్లలో మందుని బయటికి తోసే ప్రొపెల్లెంట్‌గా ఎక్కువగా వాడే హెచ్‌ఎఫ్‌ఏ 134ఏ సుమారు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. వాల్వ్ ఒక నొక్కుకి వదిలేది చాలా ఇన్‌హేలర్లలో 25 నుంచి 63 మైక్రోలీటర్లే. దాన్ని పెంచితే పఫ్ ఇంకా చల్లగా, ఇంకా బలంగా తగులుతుంది. మొదట్లో నాన్నకి పఫ్ కొట్టగానే గొంతులో చల్లగా తగిలి ఊపిరి మధ్యలోనే ఆగిపోయేది. "మందు నోట్లోనే ఉండిపోతందిరా" అనేవాడు. నిజంగానే ఉండిపోయేది.

ఆయన సమస్య తీర్చింది ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టుకునే స్పేసర్. ఆ ప్లాస్టిక్ డబ్బా చూడ్డానికి సాదాగా ఉంటుంది గానీ, ఇన్‌హేలర్ల ఇంజినీరింగ్‌లో నాకు అన్నిటికంటే గౌరవం దాని మీదే. పఫ్ అందులో వేగం తగ్గుతుంది, ప్రొపెల్లెంట్ ఆవిరై చుక్కలు సన్నబడతాయి, లావువి డబ్బా గోడకే అంటుకుంటాయి. మిగిలిన సన్నటి మబ్బుని నిదానంగా పీల్చుకోవచ్చు. ఒకసారి ఊళ్లో రాత్రిపూట నాన్నకి ఆయాసం ఎక్కువైంది. అదే సమయానికి కరెంటు పోయింది. నెబ్యులైజర్ కంప్రెసర్ ఇక ఆడదు. డాక్టరు గారు ముందే రాసిచ్చిన లెక్క ప్రకారం స్పేసర్‌లో ఒక్కొక్క పఫ్ కొట్టి, పఫ్‌కి నాలుగైదు ఊపిర్లు తీయించాను. కొన్ని నిమిషాల్లో పిల్లికూతలు తగ్గాయి. నెబ్యులైజర్‌లో పోసే సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలు తెరిచే మందు) 2.5 మిల్లీగ్రాములు. పఫ్‌కి 100 మైక్రోగ్రాములు కాబట్టి, పది పఫ్‌లు కొట్టినా 1 మిల్లీగ్రామే. అయినా ప్రాణాపాయం లేని ఉబ్బసంలో స్పేసర్ పఫ్‌లు నెబ్యులైజర్‌కి తీసిపోవని చాలా పరీక్షల్లో తేలింది. నెబ్యులైజర్‌లో పోసిన మందులో ఎంత వృథా అవుతుందో దీన్నిబట్టే ఊహించండి. (స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి తీసి, తుడవకుండా ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే స్టాటిక్ పుట్టి మందు గోడకి అంటుకుంటుంది.)

ఆ వృథా ఎక్కడంటే, కంప్రెసర్ గాలితో నడిచే జెట్ నెబ్యులైజర్‌లో పుట్టిన చుక్కల్లో ఎక్కువ భాగం లావువే. అవి లోపలి అడ్డుపలకకి (బాఫిల్‌కి) కొట్టుకుని మళ్లీ కప్పులోకి జారతాయి. అందుకే అంతసేపు. చివర్లో ఒక మిల్లీలీటరు అటూ ఇటుగా కప్పులోనే మిగిలిపోతుంది. పేషెంటు ఊపిరి వదిలేటప్పుడు వచ్చిన పొగమంచు గదిపాలు. సన్నటి చిల్లుల జల్లెడలోంచి మందుని చిమ్మే మెష్ నెబ్యులైజర్లు కప్పులో మిగిలే మందుని బాగా తగ్గించాయి. పీల్చినప్పుడే పనిచేసే రకాలు గదిపాలయ్యేదాన్ని తగ్గించాయి.

ల్యాబ్‌లో మేమూ మీలాగే ఆలోచించాం. పొడి ఇన్‌హేలర్ ప్రోటోటైప్ ఒకదానికి క్యాప్సూల్‌లో పొడి రెట్టింపు నింపాం. బయటికొచ్చిన మందు పెరిగింది, అందరం సంతోషించాం. తర్వాత ఇంపాక్టర్‌లో పెట్టి చూశాం. అది గాలిని మలుపులు తిప్పుతూ కణాలను అంతస్తులవారీగా వేరుచేసే పరికరం, మన తూర్పారబట్టుడే. పెరిగిన మందు దాదాపు అంతా పై గొంతు గొట్టంలోనే దొరికింది. పొడి ఎక్కువయ్యేసరికి ఉండలు సరిగా విడిపోలేదు. కింది అంతస్తుల్లో ఏమంత మార్పు లేదు. ఆ రోజునుంచి "బయటికి ఎంత వచ్చింది" అనే అంకె చూసి నేను సంబరపడటం మానేశాను.

మీరు కోరుకున్నది నిజంగా సాధించిన ఉదాహరణ ఒకటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే పుట్టుకతో వచ్చే జబ్బు) రోగులు టోబ్రామైసిన్ యాంటీబయాటిక్‌ని 300 మిల్లీగ్రాముల ద్రావణంగా నెబ్యులైజర్‌లో పావుగంటకి పైగా పీల్చేవారు, రోజుకి రెండుసార్లు. 2013లో అమెరికాలో అనుమతి పొందిన పోడ్‌హేలర్‌లో అదే మందు పొడిగా, 28 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు నాలుగు. మొత్తం ఐదారు నిమిషాల పని. కిటుకు నాజిల్‌లో లేదు, కణంలో ఉంది. స్ప్రే డ్రయింగ్‌లో (ద్రవాన్ని వేడిగాలిలోకి చిమ్మి ఆరబెట్టే పద్ధతిలో) లోపలంతా బోలుగా, చిల్లులతో ఉండే కణాలు తయారుచేశారు. బియ్యపు గింజకీ మరమరానికీ ఉన్న తేడా అనుకోండి. చూడ్డానికి పెద్దగా ఉన్నా తేలిక కాబట్టి గాలితో మలుపు తిరుగుతుంది, ఒకదానికొకటి అంతగా అంటుకోదు. అందుకే 300 బదులు 112 మిల్లీగ్రాములు సరిపోయింది. అయినా పొడి పీల్చినవాళ్లకి దగ్గు ఎక్కువ వచ్చింది. ఒక్క పీల్పులో అంత పొడి తగిలితే గొంతు ఊరుకోదు.

ప్రాజెక్టుగా తప్పకుండా తీసుకోండి, కాకపోతే మందు జోలికి పోకుండా ఉప్పునీళ్లతో చేయండి. ఒక గొంతు ఆకారాన్ని త్రీడీ ప్రింట్ చేయించి లోపల పలచగా గ్లిజరిన్ పూయండి, లేకపోతే గాలిలో ఆరిపోయిన ఉప్పు కణాలు గోడకి తగిలి మళ్లీ లేవొచ్చు. వెనక ఫిల్టర్, దాని వెనక వాక్యూమ్ పంప్, ఫ్లోమీటర్. నిమిషానికి 15, 30, 60 లీటర్ల దగ్గర నడపండి. గొంతునీ ఫిల్టర్‌నీ విడివిడిగా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కండక్టివిటీ మీటర్‌తో ఉప్పు కొలవండి. మీ నాజిల్ మార్చిన ప్రతిసారీ ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. మొదటి వారం ఫలితాలు ఇక్కడ పెడితే నేను చూస్తాను.