ప్రయాణ సందేహాలు: మూడు నగరాలు, ఎన్ని టికెట్లు?

ప్రశ్న: సెలవుల్లో లండన్, పారిస్, రోమ్ నగరాలు చూసి రావాలని మా కుటుంబం అనుకుంటోంది. లండన్‌కు రానూపోనూ టికెట్ కొని, మిగతా ప్రయాణాలు విడిగా చూసుకోవడం మంచిదా, లేక అన్నీ కలిపి ఒకే టికెట్‌గా తీసుకోవాలా? ఏ నగరం ముందు, ఏది వెనుక అన్నదీ ఇంట్లో ఎటూ తేలడం లేదు.

జవాబు: టికెట్ కంటే ముందు తేలవలసింది నగరాల వరుసే. మీరు చెప్పిన వాటిలో పారిస్, రోమ్ షెంజెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల సమూహంలో, ఉన్నాయి. లండన్ దానికి వెలుపల ఉంది. లండన్‌ను మధ్యలో పెట్టి, రోమ్ నుంచి అక్కడికి వెళ్లి తిరిగి పారిస్‌కు వస్తే షెంజెన్‌లోకి రెండుసార్లు ప్రవేశించినట్లు లెక్క. వీసా అవసరమైన ప్రయాణికుల చేతిలో సింగిల్ ఎంట్రీ వీసా మాత్రమే ఉంటే ఆ రెండో ప్రవేశం కుదరదు, చాలా సందర్భాల్లో విమానం ఎక్కకముందే చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అందువల్ల లండన్‌ను యాత్రకు ఏదో ఒక కొసన ఉంచండి. లండన్‌తో మొదలుపెడితే పారిస్‌కు విమానం అక్కరలేదు. సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో యూరోస్టార్ రైలు ఎక్కితే సుమారు 2 గంటల 20 నిమిషాల్లో పారిస్ నడిబొడ్డున దిగవచ్చు, ఫ్రాన్స్ పాస్‌పోర్టు తనిఖీ కూడా రైలు ఎక్కకముందే ఆ స్టేషన్‌లోనే పూర్తవుతుంది. పారిస్ నుంచి రోమ్‌కు మాత్రం విమానమే అనుకూలం.

ఇక టికెట్ విషయం. లండన్‌కు రానూపోనూ టికెట్ కొంటే, యాత్ర రోమ్‌లో ముగిశాక కేవలం ఇంటికి వెళ్లే విమానం కోసం మళ్లీ లండన్‌కు రావలసి వస్తుంది. రోమ్ నుంచి లండన్‌కు గాలిలో పట్టేది రెండున్నర గంటలే అయినా, హోటల్ ఖాళీ చేయడం, విమానాశ్రయానికి ముందుగా చేరుకోవడం, దిగాక ఇమ్మిగ్రేషన్ వరుసలో నిలబడడం, చాలామటుకు మరో రాత్రి హోటల్ గది, ఇవన్నీ కలిసి సెలవుల్లో ఒక రోజును పూర్తిగా మింగేస్తాయి. దీనికి బదులు బుకింగ్ పేజీలో ‘మల్టీ సిటీ’ అన్న చోట, వెళ్లేటప్పుడు మీ ఊరి నుంచి లండన్‌కు, వచ్చేటప్పుడు రోమ్ నుంచి మీ ఊరికి అని రెండే ప్రయాణాలు నమోదు చేసి వెతకండి. ఒక నగరంలో దిగి మరో నగరం నుంచి తిరుగు విమానం ఎక్కే ఇలాంటి టికెట్‌ను ఓపెన్ జా టికెట్ అంటారు. పెద్ద విమాన సంస్థలు దీని ధరను సాధారణంగా లండన్ రానూపోనూ ధరలో సగం, రోమ్ రానూపోనూ ధరలో సగం కలిపిన పద్ధతిలో లెక్కిస్తాయి కనుక, రెండు వన్‌వే టికెట్లు విడివిడిగా కొన్నదానికంటే ఇది తరచుగా చౌకగా వస్తుంది. ఎందుకో గానీ, దీన్ని పట్టించుకునే వారు తక్కువ. తెర మీద ముందుగా కనిపించేది రౌండ్ ట్రిప్ గడి కావడమే కారణం కావచ్చు.

పారిస్-రోమ్ ప్రయాణాన్ని కూడా అదే టికెట్‌లో చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి ధర చూడండి. చేర్చగానే మొత్తం ధర ఒక్కసారిగా పెరగడం మామూలే. అప్పుడు ఆ ముక్కను విడిగా కొనడమే మేలు. అయితే చౌక విమాన సంస్థల దగ్గర కొనేటప్పుడు రెండు సంగతులు గమనించాలి. మొదట కనిపించే ధరలో చాలాసార్లు సీటు కింద పట్టే చిన్న సంచికి మాత్రమే అనుమతి ఉంటుంది; మీ పెట్టెల రుసుము కలిపిన తరువాతే ఇతర సంస్థల ధరతో పోల్చాలి. రెండవది, పారిస్ పేరుతో అమ్మే విమానాలన్నీ పారిస్ నుంచి బయలుదేరవు. బోవే విమానాశ్రయం నగరానికి 80 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. టికెట్ మీద పారిస్ ప్రధాన విమానాశ్రయాలైన ఛార్ల్స్ ద గాల్, ఓర్లీలలో ఏదో ఒక పేరు ఉందో లేదో చూసుకొని డబ్బు చెల్లించండి.

ప్రశ్న: నా టికెట్‌లో మొదటి విమానం మా ఊరి నుంచి దోహాకు, అక్కడి నుంచి మరొకటి రోమ్‌కు ఉన్నాయి. పని మీద నేను కొద్ది రోజుల ముందే దోహా వెళ్తున్నాను. మొదటి విమానం వదిలేసి నేరుగా దోహాలో ఎక్కవచ్చా?

జవాబు: ఎక్కనివ్వరు. ఒకే టికెట్‌లోని విమానాలను వరుస తప్పకుండా వాడుకోవాలన్నది చాలా సంస్థల నిబంధన. మొదటిదానికి రాకపోతే మిమ్మల్ని ‘నో షో’ కింద రాసుకొని, తరువాతి వాటన్నింటినీ, తిరుగు ప్రయాణంతో సహా, రద్దు చేస్తారు. ముందుగానే విమాన సంస్థను సంప్రదించి టికెట్ మార్పించుకోండి. దూరం తగ్గింది కనుక ధర కూడా తగ్గుతుందని మాత్రం ఆశించకండి, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

ప్రశ్న: తిరుగు ప్రయాణం రోమ్ నుంచి కాకుండా పారిస్ నుంచి చాలా చౌకగా ఉంది. ఉదయం రోమ్‌లో ఒక చౌక విమానం ఎక్కి, మధ్యాహ్నం పారిస్‌లో ఇంటికి వెళ్లే విమానం అందుకుంటే సరిపోదా? మధ్యలో 3 గంటల వ్యవధి ఉంది.

జవాబు: రెండూ ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే 3 గంటలు చాలు. అప్పుడు పెట్టెలు సాధారణంగా రోమ్‌లోనే చివరి గమ్యం దాకా చెక్-ఇన్ అవుతాయి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మరో విమానంలో పంపే బాధ్యత సంస్థదే. అంతేకాదు, ఐరోపా యూనియన్ చట్టం 261/2004 ప్రకారం, యూనియన్‌లోని విమానాశ్రయం నుంచి బయలుదేరి, సంస్థ వైపు కారణాల వల్ల చివరి గమ్యానికి 3 గంటలు లేదా అంతకుమించి ఆలస్యంగా చేరిన ప్రయాణికులకు దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం వర్తిస్తుంది.

మీరు అడుగుతున్నది రెండు వేర్వేరు టికెట్ల గురించి. అక్కడ లెక్క మారిపోతుంది. పారిస్‌లో విమానం దిగాక బెల్టు దగ్గర పెట్టెల కోసం వేచి ఉండాలి, బయటికి వచ్చి అవసరమైతే వేరే టెర్మినల్‌కో, అసలు వేరే విమానాశ్రయానికో వెళ్లాలి, మళ్లీ కౌంటర్ వరుసలో నిలబడి పెట్టెలు అప్పగించాలి. దూర ప్రయాణాల కౌంటర్లు సాధారణంగా బయలుదేరే సమయానికి గంట ముందే మూసేస్తారు. అంటే మీకున్న 3 గంటలు అక్కడికే 2 గంటలయ్యాయి. ఉదయం విమానం గంటన్నర ఆలస్యమైతే రెండో సంస్థ దృష్టిలో మీరు సమయానికి రాని ప్రయాణికులే. ఆలస్యం ఎవరి వల్ల జరిగిందన్నది దానికి అనవసరం. కుటుంబం మొత్తానికి అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనవలసి వస్తే, మిగిలిందనుకున్న సొమ్ముకు అనేక రెట్లు పోతుంది. యాత్ర మధ్యలో ఒక విమానం తప్పితే ఒక పూట పోతుంది, కనుక అక్కడ వేర్వేరు టికెట్లకు నేను అభ్యంతరం చెప్పను. ఇంటికి వచ్చే రోజున మాత్రం వద్దు. పారిస్ ధర అంతగా ఆకర్షిస్తుంటే ముందురోజే అక్కడికి చేరి ఒక రాత్రి ఉండండి, లేదా యాత్రనే తిరగేసి పారిస్‌ను చివర పెట్టుకొని లండన్ తరువాత రోమ్ చూడండి. షెంజెన్ ప్రవేశం అప్పుడూ ఒక్కసారే అవుతుంది.

ప్రశ్న: విమానం మారే నగరాన్ని కూడా రెండు రోజులు చూసి రావాలంటే అదనంగా చెల్లించాలా?

జవాబు: అది సంస్థను బట్టి ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణాల్లో 24 గంటల లోపు ఆగితే సాధారణంగా కనెక్షన్‌గా, అంతకుమించితే స్టాపోవర్‌గా లెక్కిస్తారు. కొన్ని సంస్థలు స్టాపోవర్‌ను తామే ప్రోత్సహిస్తాయి. ఐస్‌లాండ్‌ఎయిర్ సంస్థ అట్లాంటిక్ దాటే ప్రయాణికులను అదనపు విమాన ఛార్జీ లేకుండా ఐస్‌లాండ్‌లో 7 రోజుల వరకు ఆగనిస్తుంది. ఆగే దేశపు వీసా మీ బాధ్యతే.

ప్రశ్న: మా తిరుగు విమానం 15వ తేదీ 00.20 గంటలకు అని ఉంది. హోటల్ గది ఏ తేదీ వరకు తీసుకోవాలి?

జవాబు: అది 14వ తేదీ అర్ధరాత్రి దాటిన 20 నిమిషాలకు బయలుదేరే విమానం. మీరు 14వ తేదీ రాత్రి 9 గంటలకల్లా విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళ్తే అది బయలుదేరి దాదాపు ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. గది 13వ తేదీ రాత్రి వరకు చాలు. 14 ఉదయం ఖాళీ చేసి, పెట్టెలు సాయంత్రం దాకా హోటల్‌లోనే ఉంచుకోనిస్తారేమో అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. వెంట చిన్నపిల్లలో పెద్దవారో ఉంటే మాత్రం 14 రాత్రికి కూడా గది తీసుకొని, సాయంత్రం దాకా విశ్రాంతి తీసుకొని బయలుదేరండి.