మీ ఇంట్లో తుపాకీ ఉందా అని అడగొచ్చా?

ఈ వారం ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద వచ్చాయి. మిగతా వాటిని వచ్చే వారానికి ఉంచి, ఈ మూడింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉంటారు. మనవడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. మొన్న వీడియో కాల్‌లో వాడు "అమ్మమ్మా, ఇవాళ స్కూల్లో లైట్లు ఆర్పేసి దాక్కున్నాం. గన్‌తో ఎవరైనా వస్తే ఏం చేయాలో ప్రాక్టీస్" అని నవ్వుతూ చెప్పాడు. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. టీవీలో కాల్పుల వార్త వస్తే ముందు ఏ ఊరా అని చూస్తాను. మీరు చాలా ఏళ్లు అక్కడ ఉండి వచ్చారు కదా. ఇంత జరుగుతున్నా ఆ దేశం తుపాకులను ఎందుకు నిషేధించదు? మా వాళ్లను వచ్చేయమని చెప్పనా?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, మీ మనవడు చెప్పిన ప్రాక్టీసు నేను పిల్లల చేత చాలాసార్లు చేయించాను. డాలస్ పక్కన మేం 23 ఏళ్లు ఉన్నాం. అందులో 11 ఏళ్లు ఒక ఎలిమెంటరీ స్కూల్ లైబ్రరీలో పనిచేశాను. మైకులో 'లాక్‌డౌన్' అని వినిపించగానే తలుపుకు తాళం వేసి, లైట్లు తీసేసి, ఆ సమయానికి లైబ్రరీలో ఉన్న పిల్లలను తలుపు అద్దంలోంచి కనిపించని మూలకు చేర్చాలి. మా మూల పక్షుల పుస్తకాల అర వెనకాల ఉండేది. ఒకసారి ఒకటో తరగతి పాపకు సరిగ్గా అప్పుడే ఎక్కిళ్లు పట్టుకున్నాయి. రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎక్కిలి వచ్చినప్పుడల్లా తప్పు చేసినదానిలా నా వంక చూసింది. అయిపోయాక నీళ్లు తాగిస్తుంటే "నా వల్ల అందరూ దొరికిపోయేవాళ్లు కదా" అంది. ఆరేళ్ల పిల్ల. ఆ రాత్రి నేనూ నిద్రపోలేదు. అందుకే మీ భయం ఉత్తిదే అని నేను అనలేను.

2022 మే 24న అదే టెక్సస్‌లో ఉవాల్డే అనే చిన్న ఊళ్లో, ఇలాంటి స్కూల్లోనే 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పోలీసులు గంటకు పైగా తరగతి గది బయటే ఉండిపోయారు. మర్నాడు నేను లైబ్రరీలో ఆ పక్షుల పుస్తకాల అర ముందు కూర్చుని లేవలేకపోయాను. ఏడాది తిరక్కుండానే, 2023 మే 6 శనివారం మధ్యాహ్నం, మేం పండగలకు బట్టలు కొనుక్కునే అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఒకరు మన తెలుగమ్మాయి, ఇంజనీరు. ఆ సాయంత్రం మా వాట్సాప్ గ్రూపుల్లో "ఎక్కడున్నారు? అందరూ ఇంట్లోనే ఉన్నారా?" అన్న మాట తప్ప మరొకటి లేదు.

నిషేధం ఎందుకు లేదో కింద కర్నూలు విద్యార్థికి రాశాను, చదవండి. మీకు మాత్రం వేరే సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు ఒక వైపే చూసి భయపడుతున్నారు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల దాదాపు 48,800 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. మిగతావాటిలో ఎక్కువ భాగం గొడవల్లో, దోపిడీల్లో, ఇళ్లలో జరిగిన హత్యలు. మనం టీవీలో చూసే స్కూల్, మాల్ కాల్పులు ఆ లెక్కలో చాలా చిన్న భాగం. కానీ 2020 నుంచి అక్కడ పిల్లలు, టీనేజర్ల మరణాలకు రోడ్డు ప్రమాదాలను కూడా దాటి తుపాకీయే మొదటి కారణమైంది. అంటే మీ మనవడి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది స్కూలు గేటు దగ్గర కాదు, వాడు ఆడుకోవడానికి వెళ్లే ఇళ్ల దగ్గర.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు స్నేహితుడి పుట్టినరోజుకు వాళ్లింట్లో రాత్రి పడుకోవడానికి పంపాను. మంచి కుటుంబం. ఆవిడ నాకు రెండేళ్లుగా తెలుసు. పొద్దున కారెక్కి బెల్టు పెట్టుకుంటూ వాడు "అమ్మా, వాళ్ల నాన్న గన్ మంచం పక్క డ్రాయర్‌లో ఉంటుంది. చాలా బరువు" అన్నాడు. బరువని వాడికెలా తెలిసింది? కారు పక్కకు ఆపాను. చేతులు వణికాయి.

ఆ తర్వాత నేను చేసింది చెప్పడానికి ఇప్పటికీ బాధగా ఉంది. మూడు రోజులు ఆవిడకు ఫోన్ చేయలేదు. మొహమాటం. వాళ్ల దేశం, వాళ్ల ఇల్లు, మనం అడిగితే ఏమనుకుంటారో అని. ఆ మూడు రోజులూ ఆవిడ సొంత పిల్లలు అదే ఇంట్లో, అదే డ్రాయర్ పక్కన తిరిగారు. నాలుగో రోజు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. నోట మాట రాలేదు ఆవిడకు. డ్రాయర్‌కు తాళం ఉందనే అనుకుంటోందట. ఆ వారమే గన్ సేఫ్ కొన్నారు, తూటాలు వేరే గదిలో పెట్టారు.

అప్పటి నుంచి మా వాణ్ణి ఎక్కడికి పంపినా ఒకే వరసలో మూడు అడిగేదాన్ని: మా వాడికి పల్లీలు పడవు, చూస్తారా? మీ ఇంట్లో కుక్క ఉందా? తుపాకీ ఉంటే తాళం వేసి ఉంటుందా? పల్లీల వెనకాల వస్తే ఆ ప్రశ్న ఎవరికీ తప్పుగా తోచదు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఇలా అడగమనే చెబుతుంది. అమెరికన్లు దాదాపు అందరూ మామూలుగానే జవాబిచ్చారు. ముఖం మాడ్చుకున్నది ఒక్క ఇల్లే, అది మన తెలుగువాళ్లది. "మమ్మల్ని కూడా అడుగుతారా అండీ?" అన్నారు. అడుగుతాను. ఆ ఇంట్లో రెండున్నాయి.

వచ్చేయమని చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, నేను చెప్పకూడదు. మీ అమ్మాయికి మాత్రం ఈ మూడు ప్రశ్నలూ చెప్పండి. మనవడికి ఇంకోటి చెప్పండి: ఎవరింట్లోనైనా తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా ఆ గదిలోంచి వచ్చేసి పెద్దవాళ్లకు చెప్పాలి, చెప్పినందుకు ఎవరూ తిట్టరు. అమ్మమ్మ చెబితే పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్న: 2012లో శాండీ హుక్ స్కూల్లో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు చనిపోయినా అమెరికా చట్టం మారలేదు. 1996లో ఆస్ట్రేలియా ఒకే ఘటనతో మార్చేసింది. అమెరికాలో వద్దంటున్నది జనమా, నాయకులా?
– లా విద్యార్థి, కర్నూలు

జవాబు: ముందు మన చట్టం చూడు బాబూ. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు కావాలి, ఎందుకు కావాలో చెప్పాలి, పోలీసులు విచారించాలి. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. ఎన్నికలు వస్తే వాటినీ స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. అంటే మన దగ్గర తుపాకీ సర్కారు ఇచ్చే అనుమతి. అమెరికాలో అది హక్కు. వాళ్ల రాజ్యాంగానికి 1791లో వచ్చిన రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. అందులో 'మిలీషియా' (పౌర సైన్యం) అనే మాటా ఉంది, 'ప్రజల హక్కు' అనే మాటా ఉంది. ఏ మాటకు ఎంత బరువు అన్న దాని మీదే వాదనంతా నడిచింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో, ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కే అని చెప్పింది. ఆ హక్కుకు హద్దులు ఉండొచ్చని అదే తీర్పులో రాసింది. ఆ రెండో మాటను చాలామంది చదవకుండా వదిలేస్తారు. నువ్వు తీర్పు మొత్తం చదువు.

జనమా, నాయకులా అన్నావు. తుపాకీ కొనే ప్రతి ఒక్కరి నేరచరిత్రా చూడాలంటే అమెరికన్లలో పెద్ద మెజారిటీ ఒప్పుకుంటారని ఏళ్ల తరబడి సర్వేలు చెబుతున్నాయి. ఇప్పుడున్న ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న డీలర్ మాత్రమే అది చూడాలి. డీలర్ కానివాడు తన తుపాకీ ఇంకొకరికి అమ్ముకుంటే చాలా రాష్ట్రాల్లో చూడక్కర్లేదు. శాండీ హుక్ తర్వాత, 2013 ఏప్రిల్‌లో ఈ సందులో కొంతైనా పూడ్చే బిల్లు సెనేట్‌కు, అంటే అక్కడి పార్లమెంటు ఎగువ సభకు వచ్చింది. వందలో 54 ఓట్లు పడ్డాయి. ముందుకు కదలాలంటే కావాల్సింది 60. అక్కడ ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే సెనేటర్లు. ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే, దాదాపు నాలుగు కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే.

అయితే అంతా నాయకుల మీద తోసేయడం కూడా న్యాయం కాదు. మా పక్కింటాయన వేటగాడు. ఏటా నవంబరులో జింకల వేటకు వెళ్లేవాడు. ఆయన పుట్టిన ఊరు కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రానికి, అక్కడి పోలీసు అధికారి షెరిఫ్‌కు చాలా దూరం. "రాత్రి ఎవడైనా తలుపు విరగ్గొడితే షెరిఫ్ వచ్చేసరికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలు మా అమ్మ ఏం చేయాలి?" అని అడిగాడు నన్ను. నా దగ్గర జవాబు లేదు. తన తుపాకులన్నీ సేఫ్‌లో పెట్టేవాడు. ఎలా తాళం వేయాలో, ఎలా ఖాళీ చేయాలో పన్నెండేళ్ల మనవరాలికి నేర్పాడు. ఆయనలాంటివాళ్లు ఎవరో చేసిన ఘోరానికి తమ తుపాకీ లాక్కుంటారేమోనని భయపడతారు, ఆ ఒక్క భయంతోనే ఓటు వేస్తారు. చట్టం కావాలనేవాళ్లలో ఆ ఒక్క విషయం చూసి ఓటేసేవాళ్లు తక్కువ. నేను అక్కడ చూసిన రాజకీయం ఇది.

ఆస్ట్రేలియాలో అలాంటి రాజ్యాంగ హక్కు లేదు. పోర్ట్ ఆర్థర్ అనే చోట కాల్పుల్లో 35 మంది చనిపోయాక అక్కడి ప్రభుత్వం దాదాపు 6.5 లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అమెరికాలో జనం దగ్గర ఉన్నవి 39 కోట్లకు పైగా అని 2018లో ఒక అంచనా. మనుషులకంటే ఎక్కువ.

ఏమీ మారలేదు అనడం మాత్రం సరికాదు. 2018లో పార్క్‌ల్యాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక ఫ్లోరిడాలో, తుపాకీ హక్కు వైపు ఉండే రిపబ్లికన్ పార్టీ గవర్నరే సంతకం పెట్టి తుపాకీ కొనే వయసు 21కి పెంచాడు. ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గర నుంచి కోర్టు ఆర్డరుతో కొంతకాలం తుపాకీ తీసుకునే చట్టమూ అప్పుడే తెచ్చారు. 2022 జూన్ 23 నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ. ఆ రోజు పొద్దున సుప్రీంకోర్టు బ్రూన్ కేసులో, తుపాకీ వెంట పెట్టుకుని బయట తిరగడం కూడా హక్కే అని తీర్పిచ్చింది. అదే రాత్రి సెనేట్, ఉవాల్డే తర్వాత తెచ్చిన బిల్లును పాస్ చేసింది. 21 ఏళ్ల లోపు వాళ్లు కొంటే అదనంగా విచారించాలన్నది అందులో ఒకటి. 30 ఏళ్లలో వచ్చిన పెద్ద ఫెడరల్ తుపాకీ చట్టం అది.

నా అభిప్రాయం అడగలేదు కానీ చెబుతాను. మా పక్కింటాయన దగ్గర తుపాకీ ఉంటే నాకు అభ్యంతరం లేదు. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, రైఫిల్‌కు మాత్రం 18 చాలు అన్న ఫెడరల్ నియమం నాకు మింగుడు పడదు. ఉవాల్డేలో కాల్చినవాడు 18 నిండిన కొద్ది రోజులకే, చట్టం ఒప్పుకున్న దారిలోనే రైఫిళ్లు కొన్నాడు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఎం.ఎస్. చదువుతున్నాడు. రాత్రిపూట ఒక స్టోర్‌లో పార్ట్‌టైం. దోపిడీల భయంతో రూమ్మేట్లు తుపాకీ కొందామంటున్నారట. వేట లైసెన్సు తీసుకుంటే కొనొచ్చని ఎవరో చెప్పారట. నిజమేనా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: అన్నగారూ, ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉన్నమాట నిజమే. ఉంది కదా అని వాడుకోనివ్వకండి. అట్లాంటాలో చదువుతున్న మన తెలంగాణ కుర్రాడొకడు 2024లో తన పుట్టినరోజు నాడే తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. నలుగురు పిల్లలు ఉండే అపార్ట్‌మెంట్‌లో సేఫ్ ఎవరు కొంటారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

స్టోర్‌లో ఎవడైనా తుపాకీ చూపిస్తే క్యాష్ డ్రాయర్ తీసి ఇచ్చేయమనండి. ఎదురు తిరగొద్దు, వెంటపడొద్దు. వాడు వెళ్లాక అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. క్యాంపస్ బయట అనుమతి లేకుండా పని చేస్తున్నామనే భయంతో చాలామంది పోలీసులకు చెప్పరు. మీవాడిదీ అదే పరిస్థితి అయితే ముందు ఆ ఉద్యోగం మానేయమనండి. ఆ నెల ఖర్చు మీరు సర్దండి.

ఇంకొకటి. పరీక్షలు, అప్పు, ఉద్యోగం దొరకదేమోనన్న టెన్షన్, ఒంటరితనం. అలాంటి గదిలో తుపాకీ ఉండటం దొంగ కంటే ప్రమాదం. మనసు బాగాలేకపోతే పగలైనా రాత్రైనా ఫోన్ చేయడానికి అక్కడ 988 అనే నంబరు ఉంది. పైసా ఖర్చు లేదు. మీ అబ్బాయిని అది ఫోన్‌లో సేవ్ చేసుకోమనండి. ఈ ఆదివారం మాట్లాడేటప్పుడు, తిన్నావా అని అడిగాక, రూమ్‌లో ఇప్పటికే ఎవరి దగ్గరైనా తుపాకీ ఉందా అని కూడా అడగండి. ఉందంటే కోప్పడకండి. వేరే గది చూసుకోవడానికి డబ్బు పంపండి.