దెబ్బ పెద్దదైతే కారు తియ్యకండి, 911కి ఫోన్ చెయ్యండి

అమ్మానాన్నల్ని కొత్తగా అమెరికాకి పిలిపించుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ సందేహం వస్తుంది. "ఎవరికైనా దెబ్బ తగిలితే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి మనమే తీసుకెళ్ళొచ్చు కదా, అంబులెన్సుకి వేలకి వేలు తగలెయ్యడం ఎందుకు?" అని. నేనుండేది టెక్సస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర కాబట్టి ఇక్కడి సంగతే చెబుతాను. వేరే రాష్ట్రాల్లో పేర్లు, రూల్సు కొంచెం మారినా పద్ధతి దాదాపు ఇదే.

వేలు కాస్త కోసుకోవడం, మడమ బెణకడం లాంటివైతే అర్జెంట్ కేర్‌కి (చిన్న దెబ్బలకి అప్పటికప్పుడు చూసే క్లినిక్‌కి) వెళ్ళండి, చాలు. కానీ కారు గుద్దేసింది, ఎత్తు మీంచి పడ్డారు, స్పృహ తప్పింది, రక్తం ఆగట్లేదు అంటే మాత్రం ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కే చెయ్యాలి. కారణం అంబులెన్సు బండి తొందరగా వెళ్తుందని కాదు. ఎక్కడికి వెళ్ళాలో ఆ బండివాళ్ళకి తెలుసు, మనకి తెలీదు.

ఇక్కడ ఎమర్జెన్సీ అని బోర్డున్న ప్రతి చోటా పెద్ద దెబ్బలకి వైద్యం ఉండదు. ట్రామా సెంటర్లకి, అంటే పెద్ద దెబ్బలకి వైద్యం చేసే ఆసుపత్రులకి, రాష్ట్రం లెవెల్స్ ఇస్తుంది. టెక్సస్‌లో ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్నాయి, ఒకటి అన్నిటికంటే పెద్దది. లెవెల్ 1లో సర్జన్లు, మత్తు డాక్టర్లు, ఆపరేషన్ థియేటరు, రక్తం అర్ధరాత్రి అయినా సిద్ధంగా ఉంటాయి. లెవెల్ 4లో ప్రాణం నిలబెట్టి పెద్ద సెంటరుకి పంపుతారు. డాలస్‌లో పార్క్‌లాండ్ ఆసుపత్రి లెవెల్ 1. 1963లో కాల్పులు జరిగినప్పుడు అధ్యక్షుడు కెన్నెడీని తీసుకెళ్ళింది ఆ ఆసుపత్రికే. పిల్లలకి చిల్డ్రన్స్ మెడికల్ సెంటర్ ఉంది. అంబులెన్సువాళ్ళు బీపీ, స్పృహ, దెబ్బ ఎలా తగిలిందో చూసి, అవసరమైతే దగ్గరున్న ఆసుపత్రిని దాటించి మరీ పెద్దదానికి తీసుకెళ్తారు. దారిలోనే కబురు పెడతారు. స్ట్రెచర్ లోపలికి వచ్చేసరికి టీమంతా గౌనులేసుకుని నిలబడి ఉంటుంది. మీరు కారులో దింపితే ముందు కౌంటరు దగ్గర నిలబడాల్సి రావొచ్చు. అది చిన్న ఆసుపత్రయితే అక్కణ్ణించి మళ్ళీ అంబులెన్సులో ఇంకోచోటికి పంపుతారు. సమయం పోతుంది, పైగా రెండు చోట్లా బిల్లు. షాపింగ్ సెంటర్లలో కనిపించే విడి ఎమర్జెన్సీ రూములతో ఇంకా జాగ్రత్త. చూడ్డానికి అర్జెంట్ కేర్‌లాగే ఉంటాయి, బిల్లు మాత్రం ఎమర్జెన్సీదే.

పెద్దవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. బాత్రూములో జారి తల గోడకి కొట్టుకున్నా "ఏం కాలేదు లేరా, కాస్త బొప్పి కట్టింది అంతే" అంటారు. రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళయితే ఆ మాట నమ్మకండి. లోపల నెమ్మదిగా రక్తం కారుతున్నా కొన్ని గంటలదాకా బయటపడకపోవచ్చు, సీటీ స్కాన్ చెయ్యాల్సిందే. మన మందుల పేర్లతో ఇంకో చిక్కు. ఎకోస్ప్రిన్ అంటే ఇక్కడివాళ్ళకి తెలీదు, ఆస్పిరిన్ అనాలి. ఎసిట్రోమ్ అయితే మరీను, అందులో ఉండే ఎసినోకౌమరాల్ అసలు ఈ దేశంలో అమ్మరు. అసలు మందు పేరు, మోతాదు ఓ కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్‌కి అంటించండి, ఫోన్‌లో మెడికల్ ఐడీలోనూ (లాక్ తియ్యకుండానే చూడగలిగే ఆరోగ్య వివరాల్లోనూ) పెట్టండి.

ట్రామా గదిలో ముందు చేసే పని కత్తెరతో బట్టలు కోసెయ్యడం. పట్టుచీరయినా అంతే. చెయ్యి వాచిపోతుంటే గాజులూ కోసేస్తారు. నగలు సంచిలో వేసి రాసుకుంటారు, అడిగి తీసుకోండి. ఎవరో తెలియని మనిషిని తెస్తే తాత్కాలికంగా వేరే పేరుతో నమోదు చేస్తారు. మీరు ఫోన్ చేస్తే "ఆ పేరుతో ఎవరూ లేరు" అనొచ్చు. కంగారు పడకుండా వయసు, ప్రమాదం జరిగిన చోటు, సమయం చెప్పండి. తెలుగు దుబాసీ కావాలని అడిగితే ఫోన్లోనో వీడియోలోనో ఉచితంగా ఏర్పాటు చేస్తారు. పదేళ్ళ మనవడి చేత బామ్మ నొప్పి సంగతి చెప్పించకండి.

ఇక డబ్బు. మన ఊళ్ళో 108 పైసా అడగదు. ఇక్కడ 911కి ఫోన్ ఉచితం, బండికి బిల్లు వస్తుంది. అయినా 1986 నాటి చట్టం ప్రకారం, ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా, వీసా ఏదైనా, ఆసుపత్రి ఎమర్జెన్సీలో పరీక్షించి నిలకడకి తేవాల్సిందే. 2022 నుంచి ఇంకో చట్టం వచ్చింది: మీ ఇన్సూరెన్స్ ప్లాన్ నెట్‌వర్క్‌లో (వాళ్ళతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో) లేని ఆసుపత్రికి తీసుకెళ్ళినా, ఎమర్జెన్సీ వైద్యానికి నెట్‌వర్క్ లెక్కనే మీ వాటా కట్టాలి. హెలికాప్టరూ అందులోకి వస్తుంది, రోడ్డు అంబులెన్సు రాదు. తల్లిదండ్రులకి కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లకి ఈ రక్షణ ఉంటుందనుకోకండి. ఫలానా వైద్యానికి ఇంతే అని పరిమితి పెట్టే చవక ప్లాన్లు ట్రామా బిల్లు ముందు ఏ మూలకీ చాలవు.

బిల్లు రాగానే కట్టెయ్యకండి. వివరంగా పద్దులవారీగా పంపమనండి. అందులో ట్రామా యాక్టివేషన్ అని ఓ పెద్ద మొత్తం కనిపించొచ్చు, అది ఆ టీమంతా పరిగెత్తుకొచ్చినందుకు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సాయం పథకం ఉండి తీరాలి, దరఖాస్తు అడగండి. దెబ్బ కారు ప్రమాదంలో తగిలితే మీ కారు ఇన్సూరెన్స్‌లో పీఐపీ (పర్సనల్ ఇంజరీ ప్రొటెక్షన్, అంటే దెబ్బల ఖర్చు ఇచ్చే భాగం) ఉందేమో చూడండి. టెక్సస్‌లో కంపెనీ కనీసం 2,500 డాలర్ల పీఐపీ ఇవ్వజూపాలి, మీరు రాతపూర్వకంగా వద్దంటేనే తీసేస్తారు. తప్పెవరిదైనా మీ కారులో కూర్చున్న అమ్మానాన్నలకీ అది వర్తిస్తుంది. నెలకి కొద్ది డాలర్లు కలిసొస్తాయని చాలామంది కొత్తవాళ్ళు వద్దని టిక్కు పెట్టేస్తారు.