గాలం – ప్రశ్నలూ జవాబులూ: ఎండాకాలం బాస్ చేప ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో రే రాబర్ట్స్ లేక్‌లో గట్టు మీద నుంచే లార్జ్‌మౌత్ బాస్ బాగా పడ్డాయి. జులైలో అదే చోట, అదే ఎరకి ఒక్కటీ తగలడం లేదు. చల్లదనం కోసం లోతుకు దిగి ఉంటాయని స్నేహితుడి పడవలో వెళ్లి నలభై అడుగుల దాకా దించి చూశాను. అక్కడా లేవు. ఇంతకీ ఎక్కడున్నట్టు?
– ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: లోతుకు దిగాయన్న మాట నిజమే. నలభై అడుగులకు మాత్రం దిగవు. గోదావరి జిల్లాల్లో చేపల చెరువులు చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయంటే చెరువులో ఆక్సిజన్ పడిపోయిందన్నమాట. రైతు పరుగున వెళ్లి ఏరేటర్లు వేస్తాడు. కొరమేను అయితే పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. బాస్‌కి ఆ వీలు లేదు, మొప్పలే దిక్కు. కాబట్టి ఎండాకాలంలో దాన్ని వెతికేటప్పుడు ముందు చూడాల్సింది ఆక్సిజన్, ఆ తర్వాత మేత. చల్లదనం మూడోది.

చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుంది కదా అంటారేమో. పడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు కరిగితే, 10 డిగ్రీల నీటిలో 11 దాకా కరుగుతుంది. చిక్కేమిటంటే, వేసవిలో సరస్సు అడుగు నీటికి పైనుంచి సరఫరా ఆగిపోతుంది. ఎండకి కాగిన నీరు తేలికై పైన ఉండిపోతుంది, చల్లటి బరువు నీరు కింద ఉంటుంది. గాలి ఎంత తోసినా రెండూ కలవవు. అడుగున కుళ్లే ఆకూ బురదా ఉన్న ఆక్సిజన్‌ని తినేస్తాయి. పై నీటికీ కింది నీటికీ మధ్య, వేడి ఒక్కసారిగా పడిపోయే పొరని థర్మోక్లైన్ అంటారు. టెక్సాస్ జలాశయాల్లో నడివేసవికి ఇది చాలాచోట్ల 15–25 అడుగుల మధ్య ఉంటుంది. దాని కింద మీరు ఎర దించితే ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టే.

దాన్ని కనిపెట్టడం కష్టం కాదు. పడవలో సోనార్ (నీటి అడుగుని తెర మీద చూపే పరికరం) ఉంటే సెన్సిటివిటీ పెంచండి. లోతు మారుతున్నా ఒకే ఎత్తులో సాగే మసక గీత కనిపిస్తుంది. బాస్‌కి మేత అయిన షాడ్ చేపపిల్లల గుంపులన్నీ దాని పైనే ఉంటాయి. సోనార్ లేకపోతే, మూడడుగులకో ముడి వేసిన తాడుకి బరువు కట్టి, వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో థర్మామీటర్ పెట్టి దించండి. ఒక్కో ముడి దగ్గర నాలుగైదు నిమిషాలు ఉంచి, గబగబా లాగి చదవండి. మూడడుగుల తేడాలో రెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోయిందంటే అదే గీత. ఉదాహరణకి అది 20 అడుగుల దగ్గర ఉందనుకోండి, 12 నుంచి 19 అడుగుల మధ్య నేల ఉన్న చోట్లే మీకు పనికొస్తాయి: నీళ్లలోకి చొచ్చుకుపోయిన భూమి కొనలు, మునిగిన పాత వాగు గట్లు, అడుగున ఉన్న దిబ్బలు. మిగతా సరస్సంతా వదిలేయండి.

ఆ చోట్లలో వెతకడానికి కరోలినా రిగ్‌ని మించింది లేదు. 15 లేదా 17 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ మెయిన్ లైన్‌కి ముప్పావు ఔన్సు వెయిట్, దాని కింద ఒక పూస, తర్వాత స్వివెల్ (గిరగిర తిరిగే చిన్న లోహపు కీలు) కట్టండి. స్వివెల్ నుంచి మూడడుగుల లీడర్ (చివరి లైన్ ముక్క), దాని చివర 3/0 ఆఫ్‌సెట్ హుక్, ఏడంగుళాల ప్లాస్టిక్ వానపాము. లీడర్ 12 పౌండ్లదే వాడండి. హుక్ చెట్టుకు తట్టుకుంటే లీడర్ ఒక్కటే తెగి, మిగతా సరంజామా చేతికొస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు రాడ్‌ని పైకి ఎత్తడం. అలా ఎత్తితే వెయిట్ నేలని వదిలేస్తుంది, అడుగు సంగతి మీకేం తెలియదు. రాడ్‌ని పక్కకి, నీళ్లకి సమాంతరంగా లాగి, వదులైన లైన్‌ని చుట్టుకోండి. బురదైతే మెత్తగా జారుతుంది, గులకరాళ్లయితే టకటక తగులుతుంది. ఆ టకటక దగ్గర ఆగి పది అంకెలు లెక్కపెట్టండి.

గట్టు మీద నుంచే పట్టాలంటే సూర్యుడు నీళ్ల మీద పడకముందు గంటన్నర, సాయంత్రం చివరి గంట. గట్టు నిటారుగా దిగే చోటు, రాళ్లు పేర్చిన ఆనకట్ట వాలు, పియర్ (నీళ్లలోకి కట్టిన వేదిక) నీడ చూసుకోండి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి. స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి పట్టేవారికి మాత్రం అక్కర్లేదు. రే రాబర్ట్స్‌లో ఐల్ డు బోయిస్, జాన్సన్ బ్రాంచ్ రెండూ స్టేట్ పార్కు విభాగాలే.

ప్రశ్న: తెల్లవారుజామే మంచి సమయమని అందరూ అంటారు. నేను వెళ్లే చోట హైడ్రిల్లా నాచు దట్టంగా ఉంది. ఐదింటికి వెళ్లి కప్ప ఎర (కప్ప బొమ్మ) వేస్తే ఏమీ లేదు. పదకొండింటికి తిరిగొచ్చేటప్పుడు అదే నాచులో చేప దూకింది. ఇది తలకిందులు కాదా?
– టైలర్, టెక్సాస్

జవాబు: కాదు. పచ్చని మొక్క పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తానే వాడుకుంటుంది. అందుకే దట్టమైన నాచు నడిమధ్యలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది తెల్లారేముందే. ఆ వేళకి బాస్ నాచు బయటి అంచున, తెరిచిన నీటి వైపు ఉంటుంది. ఉదయం అంచు వెంబడి, నాచుకి సమాంతరంగా టాప్‌వాటర్ (నీటి మీద తేలే) ఎర విసరండి. ఎండెక్కాక నీడ కోసం లోపలికి వెళ్తుంది, అప్పుడు కప్ప ఎర వేయండి.

కప్పకి 50 నుంచి 65 పౌండ్ల అల్లిక లైన్ కావాలి. సన్నటి నైలాన్ తంగూసు నాచులో తెగుతుంది. పైగా సాగుతుంది కాబట్టి హుక్ దిగదు. నీళ్లు చిమ్మగానే లాగేయకండి. కప్ప కనబడకుండా పోయి, లైన్ బరువెక్కాక లాగాలి. ఒకటి, రెండు అనుకునేంత సేపు చాలు.

నాచుకి మందు కొట్టారని తెలిస్తే ఆ కోవ్ (సరస్సు చిన్న పాయ) వదిలి వేరే చోటు చూడండి. చచ్చి కుళ్లే నాచు ఆక్సిజన్‌ని పగలూ రాత్రీ తినేస్తుంది. నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే అది నీలి ఆకుపచ్చ శైవలం కావచ్చు, విషపూరితమైన రకాలుంటాయి. కుక్కనీ పిల్లల్నీ ఆ నీటికి దూరంగా ఉంచండి.

ప్రశ్న: క్రాంక్‌బెయిట్ (లాగితే నీళ్లలో కిందికి దిగే చేపబొమ్మ ఎర) పెట్టె మీద 20 అడుగులు అని ఉంది. నాది 12 కూడా దిగట్లేదు. మోసమా?
– ఆస్టిన్, టెక్సాస్

జవాబు: మోసం లేదు, లైన్ లావు. 17 పౌండ్ల నైలాన్ నీటిలో గొడుగులా అడ్డుపడి ఎరని పైకి ఎత్తేస్తుంది. 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్‌కి మారండి. రెండోది దూరం. ఎర కిందికి దిగడానికి పరుగు కావాలి, కాబట్టి గురిపెట్టిన చోటు దాటి ఇరవై గజాలు ఎక్కువ విసరండి. ఏడున్నర అడుగుల పైబడిన మెత్తటి రాడ్ అందుకే. విసిరాక రాడ్ కొనని నీళ్లలోకి ముంచి, 5:1 లాంటి తక్కువ గేరు రీల్‌తో చుట్టండి. ఎర నేలని కొడుతూ రావాలి. ఏమీ తగలకుండా నీళ్లలో ఈదుకుంటూ వస్తే, ఎంత లోతు దిగినా వృథా.

ఒక పక్కకి వాలుతూ వస్తుంటే ముక్కు దగ్గర కొక్కెం వంకర పోయింది. ఎర మూతి మీవైపు ఉండేలా పట్టుకుని, ఎర ఏ పక్కకి వాలుతోందో దానికి ఎదురు పక్కకి పట్టకారుతో వెంట్రుకవాసి వంచండి. ఒకేసారి ఎక్కువ వంచితే ఇక సరికాదు.

ప్రశ్న: లేనియర్ లేక్‌లో 25 అడుగుల్లో మునిగిన కొమ్మల గుట్ట మీద చేపలు సోనార్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. ఎర ముందే ఊపుతున్నా ముట్టుకోవు. అర్ధగంటకి ఉన్నట్టుండి అన్నీ పైకొచ్చి నీళ్లు అల్లాడిస్తాయి. తర్వాత మళ్లీ మౌనం.
– కమింగ్, జార్జియా

జవాబు: మీవి చాలావరకు స్పాటెడ్ బాస్ అయ్యుంటాయి. వీటి మేత బ్లూబ్యాక్ హెర్రింగ్. ఆ చేప తెరిచిన నీటిలో తిరుగుతూ ఉంటుంది, కొమ్మల్లో దాక్కోదు. స్పాటెడ్ బాస్ కొమ్మల నీడలో కాపు కాసి, హెర్రింగ్ గుంపు నెత్తి మీదుగా పోయేటప్పుడు పైకి దూకుతుంది. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి 25 అడుగుల కింది నుంచి కూడా పైన కదిలేది చూస్తుంది. అందుకే లేనియర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా కొమ్మల గుట్ట మీద పెద్ద టాప్‌వాటర్ ఎర పనిచేస్తుంది. దగ్గరికి పోకుండా, గుట్టని దాటేలా దూరం నుంచి విసరండి. నీళ్లు అద్దంలా ఉంటే చేప ఎరని తేరిపార చూసి వెనక్కి తగ్గుతుంది. చిన్న అల ఉన్నప్పుడు నయం.

"ఉన్నట్టుండి" అన్నారే, బ్యూఫర్డ్ డ్యామ్‌లో విద్యుదుత్పత్తి వేళలతో పోల్చి చూడండి. ఆ వేళల పట్టిక ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ప్రకటిస్తుంది. నీరు లాగడం మొదలైతే చేపలు ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడి మేస్తాయి. ఆనకట్టకి దగ్గర్లో ఇది ఎక్కువ, పాయల చివర్లలో తక్కువ.

మౌనంగా ఉన్న వేళ డ్రాప్ షాట్ వాడండి. 15 పౌండ్ల అల్లిక లైన్‌కి 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్, 1 నంబరు హుక్, కింద 3/8 ఔన్సు వెయిట్, రెండిటికీ మధ్య 15 అంగుళాలు. హుక్‌ని పాలోమర్ ముడితో కట్టాక, మిగిలిన లైన్ కొనని హుక్ మొన వైపు నుంచి కన్నంలోకి మళ్లీ దించండి. అప్పుడు హుక్ నిటారుగా నిలబడుతుంది. ఇది చేయకపోతే హుక్ వేలాడిపోయి చేప నోట్లో దిగదు. ఇక ఊపడం మానేయండి. మీ ఉత్తరంలో నాకు కనబడ్డ అసలు తప్పు అదే. వెయిట్ నేలకి ఆనించి, లైన్ బిగువుగా పట్టుకుని ఊరుకోండి. పడవ కదలికే ఎరకి చాలు.

ముప్పై అడుగుల నుంచి గబగబా లాగిన చేప పొట్ట ఉబ్బి, వదిలాక కిందికి దిగలేక పక్కకి తిరిగి తేలుతుంది. లోపలి గాలితిత్తి ఉబ్బడం వల్ల ఇది. సూదితో గుచ్చడం చేతనైనవాళ్లు ఎదురుగా ఉండి నేర్పితే తప్ప చేయకండి. పెదవికి క్లిప్పుతో బరువు తగిలించి కిందికి దించి వదిలే సాధనాలు దొరుకుతాయి, ఒకటి పడవలో ఉంచుకోండి.

ప్రశ్న: జూన్‌లో గాలివాన వచ్చి మా జలాశయం మూడడుగులు పెరిగి టీ రంగుకి తిరిగింది. ఆగస్టులో నాలుగడుగులు తగ్గింది. రెండు సార్లూ ఉత్త చేతులే.
– కేటీ, టెక్సాస్

జవాబు: నీరు పెరిగేటప్పుడు చేప గట్టు వైపు వస్తుంది. కొత్తగా మునిగిన గడ్డి, పొదల్లో పురుగూ పుట్రా ఉంటాయి, వాటి కోసం చిన్న చేపలు, వాటి వెనక బాస్. తెల్ల ఎరని నీళ్లలో ముంచి చూడండి. అడుగులోపే మాయమైతే చేప కంటితో కాదు, నీటి కదలికతో వేటాడుతున్నట్టు. గుండ్రటి కొలరాడో రేకు ఉన్న స్పిన్నర్‌బెయిట్, లేదా నలుపు–నీలం జిగ్ వాడి, నెమ్మదిగా, పొదకి రాసుకునేలా రెండు నుంచి నాలుగడుగుల నీటిలో పట్టండి. ఒకే పొద దగ్గర మూడు నాలుగు సార్లు విసరండి, మొదటిసారే దాని కంటపడదు. కొత్త నీరు మోసుకొచ్చే వాగు నోరు మొదటి ఒకటి రెండు రోజులు బంగారం, ఆ నీరు చల్లగా ఆక్సిజన్‌తో వస్తుంది. కానీ ఉరుము వినబడితే ఒడ్డెక్కండి. గ్రాఫైట్ రాడ్ మెరుపుకి తీగలాంటిది. చివరి ఉరుము తర్వాత అర్ధగంట ఆగాలి.

నీరు తగ్గేటప్పుడు అంతా రివర్స్. కోవ్ లోపలి చివర్ల నుంచి బాస్ ముందే తప్పుకుని, మొదటి లోతు మెట్టు మీదికి, బయట ఉన్న చివరి దుంగ దగ్గరికి చేరుతుంది. పాత చోటు నుంచి వాగు దారి పట్టుకుని బయటికి వెతకండి. ఆగస్టు నీళ్లలో చేపలు దొరక్కపోయినా, తేలిన మోడులూ రాళ్లగుట్టలూ ఫోన్‌లో ఫోటో తీసి, ఆ చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. వచ్చే వసంతంలో అవన్నీ నీటి కింద ఉంటాయి, పక్క పడవవాడికి తెలియదు.

ప్రశ్న: మన ఊరి పద్ధతి, బెండు, వానపాము, పనిచేయదా?
– కేరీ, నార్త్ కరోలినా

జవాబు: పనిచేస్తుంది, కానీ ఎక్కువ పడేది బ్లూగిల్ అనే చిన్న చేప. పిల్లలకి అంతకంటే ఏం కావాలి.

ప్రశ్న: పట్టిన చేప వదిలితే చచ్చి తేలుతోంది. తినాలంటే ఏవి ఉంచుకోవచ్చు?
– డెంటన్, టెక్సాస్

జవాబు: నీరు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక చేపని బయట ఉంచే ప్రతి సెకనూ లెక్కే. ఫోటోకి పది సెకన్లు, అంతే. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేయి చేప మీది జిగురుని తుడిచేస్తుంది. పెద్ద చేపని దవడ పట్టుకుని వేలాడదీయకండి, రెండో చేయి పొట్ట కింద పెట్టండి. లైవ్‌వెల్‌లో (పడవలో చేపలుంచే తొట్టిలో) నీళ్లు గడ్డకట్టించిన సీసాలు వేసి చల్లబరచండి, కానీ సరస్సు నీటి కంటే ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలకు మించి తగ్గించకండి. విడి ఐసు వేయకండి, కుళాయి నీటితో చేసిందైతే క్లోరిన్ ఉంటుంది.

టెక్సాస్‌లో లార్జ్‌మౌత్‌కి సాధారణ నియమం కనీసం 14 అంగుళాలు, రోజుకి ఐదు. కొన్ని సరస్సులకి వేరే నియమాలున్నాయి: లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య చేపని వదిలేయాలి, 24 లేదా అంతకు మించినది ఒక్కటే ఉంచుకోవచ్చు. వెళ్లేముందు ఆ సరస్సు నియమం చూసుకోండి. తినడానికి చిన్నవే మేలు. పెద్ద బాస్‌లో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది, కొన్ని సరస్సుల విషయంలో రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలు కూడా ఉన్నాయి. ఉంచుకోదలిస్తే పట్టిన వెంటనే చంపి, ఐసు, నీళ్లు కలిపిన కూలర్‌లో ముంచండి. ఎండలో తీగకి గుచ్చి రెండు గంటలు తిప్పిన చేపతో ఎంత చింతపండు పోసి పులుసు పెట్టినా ఆ వాసన పోదు.