ఒటావా చలికి ఏ టైర్లు: మంచు మీద పట్టుకా, పొడి రోడ్డు మీద నిలకడకా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రిగారు అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. వారి అబ్బాయి కెనడాలోని ఒటావాలో ఉద్యోగంలో చేరి, పాత చిన్న కారు ఒకటి కొన్నాడు. చలికాలపు టైర్ల కోసం వెళితే దుకాణంలో రెండు రకాలు చూపించారట. మొదటిది మంచు మీద బాగా పట్టుకుంటుంది కానీ పొడి రోడ్డు మీద కారు కాస్త ఊగినట్టు అనిపిస్తుందని, రెండోది పొడి రోడ్డు మీద గట్టిగా నిలుస్తుంది కానీ మంచు మీద కొంత తగ్గుతుందని చెప్పారట. అబ్బాయి రోజూ ఊళ్లోనే తిరుగుతాడు, నెలకు రెండుసార్లు మాంట్రియల్ వెళ్లివస్తాడు. ఏది కొనమని చెప్పాలి, ఇక్కడ బెజవాడ ఆటోనగర్‌లో కొని పంపితే చవక పడుతుందా, అసలు ఇది దుకాణాలవాళ్లు పుట్టించిన ఖర్చేమో అన్నవి వారి ప్రశ్నలు, అనుమానాలు.

నేను ఒటావాలో తొమ్మిది చలికాలాలు కారు నడిపి, ఇప్పుడు విజయవాడ పటమటలో ఉంటున్నాను. ఆ తొమ్మిదేళ్లలో మీ అబ్బాయికి చూపించిన రెండు రకాలనూ సొంత డబ్బుతో కొని వాడాను కాబట్టి సూటిగా చెబుతాను: మొదటి రకమే కొనమనండి. అయితే ఆ రకంలోనూ కాస్త గట్టిగా నిలిచే టైరును ఏరుకునే వీలుంది, దాని సంగతి కింద రాస్తాను.

ముందుగా రబ్బరు విషయం. మన ఇళ్లలో డిసెంబరు తెల్లవారుజామున కొబ్బరి నూనె సీసాలో పేరుకుపోవడం మీరు చూసే ఉంటారు. మామూలు టైరు రబ్బరు కూడా చలి పెరిగేకొద్దీ అలాగే బిగుసుకుంటుంది. సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మొదలై, కిందికి పోయేకొద్దీ అది రోడ్డులోని చిన్న చిన్న గరుకులకు హత్తుకునే గుణాన్ని పోగొట్టుకుంటుంది. అందువల్ల మంచు చుక్క లేకపోయినా, మైనస్ 10 డిగ్రీల పొడి రోడ్డు మీద కూడా వేసవి టైరుకు పట్టు సన్నగిల్లుతుంది. చలికాలపు టైరులో సిలికా అనే పొడిని ఎక్కువగా కలిపి, ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా రబ్బరును తయారు చేస్తారు. ఫిన్లాండుకు చెందిన నోకియన్ సంస్థ 1934లోనే లారీల కోసం తొలి చలికాలపు టైరును చేసింది; అంటే ఇది మీరు అనుమానించినట్టు దుకాణాలవాళ్లు నిన్న మొన్న పుట్టించిన ఖర్చు కాదు.

మెత్తని రబ్బరుకు తోడు, ఆ టైరు ట్రెడ్ బ్లాకుల నిండా, అంటే రోడ్డును తాకే ఉబ్బెత్తు రబ్బరు ముక్కల నిండా, కత్తితో గీసినట్టు సన్నని కోతలు ఉంటాయి. వాటిని సైప్స్ అంటారు. ప్రతి కోతా ఒక అంచు. ఆ అంచులు మంచును గీరి పట్టుకుంటాయి, ఐసు మీద పేరుకున్న పలుచని నీటి పొరను లాగేస్తాయి. బ్లాకులు కూడా ఎత్తుగా ఉంటాయి, ఎందుకంటే వాటి మధ్య గాడుల్లో మంచు ఇరుక్కోవాలి. మంచును మంచే బాగా పట్టుకుంటుంది. ఇప్పుడు ఇదే టైరును పొడి రోడ్డు మీద మలుపు తిప్పి చూడండి. ఎత్తైన మెత్తని బ్లాకు, అందులోనూ కోతలు పడ్డ బ్లాకు, ముందు తాను వంగి ఆ తర్వాతే కారును తిప్పుతుంది. దుకాణంలో ఊగడం అన్నది దీనినే. బ్రేకు వేసినప్పుడు కూడా పొడి రోడ్డు మీద కారు కొంచెం ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. రెండో రకంలో, అంటే పెర్ఫార్మెన్స్ వింటర్ టైర్లలో, కోతలు తక్కువ, రబ్బరు కాస్త గట్టి, బ్లాకులు పెద్దవి. అందుకే స్టీరింగు తిప్పగానే కారు మాట వింటుంది. ఒకటి తీసుకుంటే ఇంకొకటి కొంత వదులుకోవలసిందే, రెండూ పూర్తిగా ఇచ్చే టైరును నేను చూడలేదు.

ఇక్కడ మన భాషలోని ఒక ఇబ్బంది చెప్పాలి. ఆకాశం నుంచి దూదిలా రాలేదాన్నీ మంచు అంటాం, రోడ్డు మీద గాజుపలకలా గడ్డకట్టినదాన్నీ మంచు అంటాం. నడిపేవాడికి అవి రెండూ పూర్తిగా వేరు. రాలిన మంచు మీద రెండు రకాల టైర్లూ చాలావరకు నెట్టుకొస్తాయి. తేడా అంతా గడ్డకట్టిన ఐసు మీదే బయటపడుతుంది. ఒటావాలో ఏడాదికి 2 మీటర్లకు పైగా మంచు కురిసినా, పెద్ద రోడ్ల మీది మంచును గంటల్లోనే పక్కకు నెట్టేసి ఉప్పు చల్లుతారు కాబట్టి అవి చాలా రోజులు పొడిగానే కనిపిస్తాయి. కానీ మైనస్ 10 దాటి చలి పెరిగితే సాధారణ ఉప్పు పని మందగిస్తుంది, జనవరిలో ఆ ఊరి సగటే ఇంచుమించు అంత ఉంటుంది. అప్పుడు ఇళ్ల మధ్య వీధుల్లోనూ, కార్లు ఆగి ఆగి నున్నగా చేసిన కూడళ్లలోనూ రోడ్డు అద్దమైపోతుంది. వంతెనల మీద ఇంకా ముందే గడ్డకడుతుంది. మన కనకదుర్గ వారధి మీద కింద నుంచీ పై నుంచీ గాలి ఎలా కొడుతుందో అక్కడా అంతే, నేలలోని వెచ్చదనం వంతెనకు అందదు. ఇంకొక సంగతి, మైనస్ 20 కంటే సున్నాకు దగ్గరగా ఉన్న ఐసే ఎక్కువ జారుడు, దాని మీద నీటి పొర ఉంటుంది కాబట్టి.

నా మొదటి చలికాలంలో డబ్బు కలిసి వస్తుందని ఒక దుకాణంలో చెప్పిన సలహా విని, ఇంజను శక్తి అందే ముందు చక్రాలకు మాత్రమే రెండు చలికాలపు టైర్లు వేయించాను. డిసెంబరులో ఒక సాయంత్రం 417 హైవే దిగే వంపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకున్నాయి, వెనక చక్రాలు పట్టుకోలేదు. కారు వెనక భాగం ముందుకు తిరిగివచ్చి, పక్కన పోసిన మంచు గుట్టలోకి అడ్డంగా దూరింది. పక్క సీటులో నా భార్య ఉంది, అప్పటికి ఆమెకు ఐదో నెల. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఆ నాలుగు క్షణాలు నేను మరచిపోలేదు. కాబట్టి ఏ రకమైనా సరే, నాలుగూ ఒకేలాంటివి, ఒకే వయసువి ఉండాలి. ఈ ఒక్క విషయంలో బాబును రాజీ పడనివ్వకండి.

ఆ తర్వాత నాలుగు పెర్ఫార్మెన్స్ వింటర్ టైర్లు కొన్నాను, ఎందుకంటే నేనూ తరచు మాంట్రియల్ వెళ్లేవాణ్ణి. సుమారు 200 కిలోమీటర్ల ఆ హైవే మీద వాటి నడక నాకు ఎంతో నచ్చింది. లారీ పక్క నుంచి దాటుతున్నప్పుడు గాలి కొట్టినా కారు తన గీత వదిలేది కాదు. రెండు చలికాలాలు అలాగే గడిచాయి. రెండో ఏడు జనవరిలో మా వీధి చివర ఆగవలసిన చోట, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో కూడా కారు ఆగకుండా మెల్లగా కూడలి మధ్యలోకి జారిపోయింది. అడ్డం ఎవరూ రాలేదు. అదే చోట, అంతే చలిలో, తర్వాతి ఏడాది ఐసు కోసం చేసిన మెత్తని టైర్లతో ప్రతిసారీ గీత ముందే ఆగగలిగాను. పొడి రోడ్డు మీద వాటి లోపం నిజమే, మొదటి వారం చేతికి తెలిసింది. హైవే మీద ముందు కారుకు దూరం పెంచి, మలుపుకు ముందే వేగం తగ్గించుకుంటే అది సర్దుకుంది. పొడి రోడ్డు మీది లోపం రోజూ ఒకేలా ఉంటుంది కనుక మనిషి దానికి అలవాటు పడి జాగ్రత్త పడగలడు. ఐసు మీది లోపం మాత్రం చెప్పకుండా వచ్చి, వచ్చాక చేయగలిగేది ఏమీ మిగల్చదు. నా సలహా అంతా ఈ తేడా మీదే నిలబడింది.

అబ్బాయి వాంకూవర్‌లో ఉండి ఉంటే నేను వేరేగా చెప్పేవాణ్ణి. అక్కడి చలికాలంలో వాన ఎక్కువ, మెత్తని టైరుకు తడి రోడ్డు అంతగా పడదు. టొరంటోలో కూడా రోజూ హైవే మీదే ఉండేవారు రెండో రకం తీసుకుంటే నేను కాదనను.

ఇప్పుడు ఏరుకోవడం గురించి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల ఒక మంచు రేకు ఉన్న గుర్తు తప్పనిసరిగా ఉండాలి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలు ఉంటే సరిపోదు, అవి గాడుల ఆకారం గురించే చెబుతాయి, వాటి వెనక పరీక్ష ఏదీ లేదు. కొండ గుర్తుకు మంచు మీద పరీక్ష ఉంది, కానీ అది కూడా అణిగిన మంచు మీద ముందుకు లాగే శక్తినే చూస్తుంది, ఐసు మీద బ్రేకును చూడదు. అందువల్ల ఏడాది పొడుగునా వాడుకోవచ్చని అమ్మే ఆల్ వెదర్ టైరుకూ ఆ గుర్తు ఉంటుంది. దాన్ని చూసి ఆ టైరూ, అసలైన చలికాలపు టైరూ సమానమని అనుకోకూడదు. మేకులు దిగేసిన టైర్ల జోలికి పోవద్దు, ఒటావా ఉన్న అంటారియో రాష్ట్రంలో ఉత్తర ప్రాంతం వారికి తప్ప వాటికి అనుమతి లేదు.

ఐసు టైర్లలోనే ఒకే మోడల్ కొన్ని సైజుల్లో టి, హెచ్ అనే రెండు వేగపు గుర్తులతో దొరుకుతుంది. టైరు తట్టుకునే గరిష్ఠ వేగం టి అంటే గంటకు 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు. అంత వేగంతో పోవాలని కాదు, సాధారణంగా హెచ్ గుర్తు టైరు కట్టుబడి గట్టిగా ఉండి పొడి రోడ్డు మీద ఊగడం తగ్గుతుందని. అదే దొరికితే అదే తీసుకోమనండి. రిమ్మును ఒక అంగుళం తగ్గించి, సన్నని టైరు వేసుకోమని కొందరు చెబుతారు. అది చవక, గుంతలకూ మంచిది, కానీ టైరు పక్క గోడ ఎత్తు పెరిగి స్టీరింగు ఇంకా మెత్తబడుతుంది; మాంట్రియల్ ప్రయాణాలు ఉన్నాయి కాబట్టి మీ వాడికి అసలు సైజే మేలనుకుంటాను.

ఊగడంలో సగం గాలి తక్కువ కావడం వల్లే వస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఉష్ణోగ్రత 5 లేదా 6 డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలిచే యూనిట్) తగ్గుతుంది. వెచ్చని గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర 33 పట్టించిన టైరు, మైనస్ 20లో బయట నిలబడితే 26కి దిగుతుంది. చలిలో, కారు కదలకముందే కొలిచి, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఉన్నంత పట్టించాలి.

అక్టోబరు చివర్లోనే వేయించుకుని, మంచు పడకముందే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమనండి, కొత్త రబ్బరు పైపొర పోయి కుదురుకుంటుంది. ఏప్రిల్ మధ్యకల్లా తీయించేయాలి. నేను ఒకసారి బద్ధకించి మే దాకా ఉంచితే ఆ నెల రోజుల్లోనే కనిపించేంతగా అరిగాయి. చలికాలపు టైర్లు వేసుకున్నవారికి అంటారియోలో బీమా సంస్థలు 2016 జనవరి 1 నుంచి ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి, అడిగి తీసుకోమనండి. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో రిజిస్టరైన బళ్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఈ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. అంటారియో నంబరు ఉన్న బండికి ఆ నిబంధన వర్తించకపోయినా మాంట్రియల్ రోడ్డు మీద చుట్టూ ఉన్న కార్లన్నీ వాటితోనే వేగంగా ఆగుతాయని గుర్తుంచుకోవాలి.

ఆటోనగర్ నుంచి పంపే ఆలోచన మానుకోండి. మన దగ్గర అమ్మే టైర్లు రెంటచింతల ఎండకు, కృష్ణా తీరపు వానకు చేసినవి. వాటిని అక్కడికి పంపడమంటే బాబుకు చెక్క చక్రాలు పంపినట్టే. ఖర్చు తగ్గించాలంటే ఈ టైర్ల కోసం వేరుగా వాడిన రిమ్ములు కొనుక్కుని వాటికే బిగించి ఉంచుకోవచ్చు, ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే కూలి మిగులుతుంది. వాడిన టైర్లయితే పక్కన ఉన్న నాలుగు అంకెల తేదీ చూడాలి, 3524 అంటే 2024లో 35వ వారం అని. ట్రెడ్ లోతు 4 మిల్లీమీటర్లకు దిగితే మంచు మీద అది పనికిరాదు, 6 కంటే తక్కువ ఉన్నది ఎంత చవకగా వచ్చినా వద్దనండి.