పాఠకుల ప్రశ్నలు: గుహలో పాచి, చేలో గుంట

ప్రశ్న: మా ఊరి కొండలో సున్నపురాయి గుహ ఉంది. లోపల శివుణ్ణి కొలుస్తాం. శివరాత్రికని పెట్టిన ఫోకస్ లైట్లు ఏడాదంతా వెలుగుతున్నాయి, వాటి చుట్టూ గోడకు పచ్చగా పాచి పట్టింది. బ్లీచింగ్ పౌడర్‌తో కడిగి, గుహకు ఇనుప తలుపు పెట్టించాలని మా కమిటీ అనుకుంటోంది. సరైన పనేనా?
– ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: రెండూ వద్దండి. ముందు లైట్లు ఆర్పండి. పాచికి కావలసినవి తడి, వెలుతురు. తడి గుహలో ఎప్పుడూ ఉండేదే, వెలుతురు మనం తెచ్చిపెట్టింది. ఫ్రాన్సులోని లాస్కో గుహను 1948లో జనానికి తెరిచారు. దీపాలు, వచ్చినవాళ్ల ఊపిరి కలిసి వేల ఏళ్లనాటి బొమ్మలకు పచ్చపాచి పట్టించాయి. 1963లో మూసేయక తప్పలేదు.

బ్లీచింగ్ పౌడర్ గబ్బిలాల మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తుల్ని మండించే వాయువు పుడుతుంది. కడిగిన నీళ్లు మడుగుల్లోకి దిగి అక్కడి చిన్న ప్రాణుల్ని చంపుతాయి. బాత్రూం యాసిడ్ మాటే ఎత్తకండి, చుక్క పడితే సున్నపురాయి బుసబుస పొంగి కరిగిపోతుంది.

వాడదగినది 15 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. అదీ నేరుగా కొడితే రాయిని కొంత తింటుంది. అందుకని పది గంటల ముందే నాలుగు సున్నపురాయి ముక్కలు అందులో వేసి ఉంచాలి. ముక్కలు గుహలోవి కాదు, బయటివి. మూత బిగించొద్దు, గ్యాస్ చేరి డబ్బా పగులుతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేతి స్ప్రేయర్‌తో పాచి మీద మాత్రమే కొట్టండి. తెల్లటి నురగ లేచి పచ్చదనం పాలిపోతుంది. మిగిలిన చోట రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టండి. లింగం మీద, పాత గీతలున్న చోట వద్దు. పొడి బ్రష్‌తో గీకితే పాచి బీజాలు గుహంతా చెదురుతాయి.

ఆ తర్వాత పసుపు కాంతి ఎల్ఈడీలు పెట్టండి. గోడకు కనీసం మీటరు ఎడంగా, మనిషి వచ్చినప్పుడే వెలిగేలా ఉండాలి. కర్పూరం, అగరుబత్తి బయటే వెలిగించండి. తడిరాయి మీద పడిన మసిపై కొత్త సున్నం పొర కట్టిందంటే ఇక ఎంత కడిగినా పోదు.

తలుపు విషయానికొస్తే, రేకు తలుపు గాలిని ఆపేస్తుంది, గబ్బిలాల దారి మూస్తుంది. అడ్డచువ్వల గేటు వేయించండి. చువ్వకూ చువ్వకూ మధ్య 15 సెంటీమీటర్లు, నిలువు కడ్డీల మధ్య కనీసం 4 అడుగులు ఉండాలి. ముందు అదే కొలతలతో వెదురు గేటు కట్టి, సాయంత్రాలు కొన్ని రోజులు కాపు కాయండి. గబ్బిలాలు గేటు దాకా వచ్చి తిరిగి లోపలికే పోతుంటే గేటు మానేసి, గుహకు కొన్ని మీటర్ల దూరంలో పైన తెరిచి ఉండే కంచె వేయండి. గబ్బిలాలకు పిల్లలున్న కాలంలో వెల్డింగ్ అసలు పెట్టుకోకండి. అడవి భూమి అయితే అటవీ శాఖ అనుమతి ముందు తీసుకోవాలి.

ప్రశ్న: మా పత్తి చేలో ఆరడుగుల గుంట పడింది. వాన నీళ్లన్నీ అందులోకే పోతాయి. ఊళ్లోవాళ్లు చెత్త, పురుగుమందు డబ్బాలు అందులో పడేస్తున్నారు. వాన పడిన మర్నాడే మా బావి నీళ్లు బురదగా వస్తున్నాయి. ట్రాక్టరుతో మట్టి తోలి పూడ్చేయనా?
– ఒక రైతు, కోర్పనా, చంద్రపూర్ జిల్లా

జవాబు: మట్టి తోలకండి. మీ వైపు నల్లరేగడి కింద చాలాచోట్ల సున్నపురాయే. వాన నీరు దాని పగుళ్లను కరిగించి గొట్టాల్లా చేస్తుంది. మీరు పోసిన మట్టి ఆ గొట్టంలోకే జారిపోతుంది, గుంట ఇంకోవైపు కుంగుతుంది. మర్నాడే బురద వచ్చిందంటే ఆ గుంటకూ బావికీ దారి సూటిగా ఉండొచ్చు. ఇసుక వడగట్టినట్టు ఈ రాయి వడగట్టదు.

ఆ నీళ్లు ఇవాళ్టి నుంచి తాగకండి. కాచితే క్రిములు చస్తాయి గానీ పురుగుమందు పోదు. నీళ్లు పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా తాగడానికి వేరే చోటు నుంచి తెచ్చుకోండి.

వేసవిలో, నేల ఎండి ఉన్నప్పుడు, గుంటలోని చెత్తంతా తీయించండి. అంచు కూలుతుంది కాబట్టి నడుముకు తాడు లేకుండా ఎవరూ దిగకూడదు. అడుగున నీరు దిగే నోరు కనబడేదాకా తవ్వండి. దాంట్లో పట్టనంత పెద్ద బండలు ముందు వేయాలి. వాటి పైన చిన్న రాళ్లు, ఆ పైన కంకర, తర్వాత ఇసుక. ఏ పొరలోదీ కింది పొర సందుల్లోంచి జారకూడదు. చివర మట్టి పరిచి గడ్డి నాటండి. నీరు దిగుతుంది, మట్టి ఆగుతుంది. చుట్టూ 30 మీటర్ల దాకా దుక్కి, ఎరువు, మందు వద్దు, స్ప్రే పంపు కడిగిన నీళ్లు కూడా.

ప్రశ్న: గుహ కప్పు నుంచి వేలాడే సున్నపు ఊడ (స్టాలక్టైట్) ఒకటి విరిగి పడి ఉంది. దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: వద్దమ్మా. ఊడ ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్ప. జానెడు ఊడకు రెండు వేల ఏళ్లు పట్టొచ్చు. పడినచోటే వదిలేయి. పైనుంచి చుక్క పడుతూ ఉంటే అది నేలకు అతుక్కుని, దాని మీదే కొత్త దిబ్బ లేస్తుంది.