మైల్డ్ హైబ్రిడ్ కారుకు ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి?

చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ లేదని ఎర్టిగా మైల్డ్ హైబ్రిడ్ కొనడానికి వెనకాడుతున్నావట. ఆ బెంగ వదిలెయ్. అది పెట్రోలుతో నడిచే కారే, చిన్న మోటారు సాయం ఉంటుందంతే. దానికి ప్లగ్ పెట్టే సాకెట్టే ఉండదు. బండి నడుస్తుంటే బ్యాటరీ దానంతటదే నిండుతుంది.

మామూలు కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉండే చోట ఇందులో ఐఎస్‌జీ (ఇంటిగ్రేటెడ్ స్టార్టర్ జనరేటర్) ఉంటుంది. బెల్టుతో ఇంజిన్‌కి కలిపి ఉంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు, బ్రేకు వేసినప్పుడు అది కరెంటు పుట్టించి, ముందు ఎడమ సీటు కింద ఉన్న చిన్న లిథియం బ్యాటరీలో దాస్తుంది. స్పీడు అందుకునేటప్పుడు అదే మోటారై ఇంజిన్‌కి కాస్త సాయం పడుతుంది. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగిన ఇంజిన్‌ని మళ్లీ స్టార్ట్ చేసేదీ అదే.

ఆ బ్యాటరీ 12 వోల్టులు, 6 యాంపియర్ అవర్లది. గుణిస్తే 72 వాట్ అవర్లు. ఇంటి మీటరులో ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు. బ్యాటరీ అంత చిన్నది, పైగా ఆ మోటారు ఇంజిన్‌కి సాయపడేదే కాబట్టి కేవలం కరెంటు మీద ఇది ఒక్క అడుగు కూడా కదలదు, షోరూములో ఎవరు ఏం చెప్పినా సరే. పెట్రోలు కలిసొచ్చేది ఊళ్లో ఆగుతూ సాగే ట్రాఫిక్‌లోనే. ఎప్పుడూ హైవే మీదే తిరిగేదానివైతే దీనికోసం ప్రత్యేకంగా ఎక్కువ డబ్బు పెట్టకు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడం లేదని కంగారుపడకు. ఇంజిన్ ఇంకా వేడెక్కకపోయినా, ఏసీ లోపల చల్లబరచలేకపోతున్నా, బ్యాటరీ ఛార్జ్ తగ్గినా, సీటు బెల్టు పెట్టుకోకపోయినా అది ఆగదు. మే నెల ఎండల్లో అసలు ఆగకపోవచ్చు.

నువ్వు కాపాడుకోవలసింది బానెట్ కింది పెద్ద బ్యాటరీని. పొద్దున్నే తొలి స్టార్టు దాని మీదే. మార్చేటప్పుడు ఇలా ఇంజిన్ ఆగుతూ స్టార్టయ్యే (స్టార్ట్-స్టాప్) కార్లకు చేసిన రకమే అడుగు. చవగ్గా వస్తుందని మామూలుది వేయిస్తే, మాటిమాటికీ ఖాళీ అవుతూ నిండుతూ త్వరగా చచ్చిపోతుంది. కారు వాడని రోజుల్లో వారానికోసారి అరగంట నడుపు. పార్కింగ్‌లోనే ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే, స్టార్టుకు ఖర్చయిందే సరిగా తిరిగి నిండదు.

బ్యాటరీ డౌన్ అయితే జంప్ స్టార్ట్, అంటే వేరే కారు బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు, బానెట్ కింది బ్యాటరీకే ఇవ్వాలి. ఎర్ర కేబుల్ ముందు మన ప్లస్‌కి, తర్వాత అవతలి కారు ప్లస్‌కి. నల్లది అవతలి మైనస్‌కి, చివరి కొస మన ఇంజిన్ మీద రంగు వేయని లోహానికి. సీటు కింది బ్యాటరీ జోలికి ఎవరినీ వెళ్లనివ్వకు.

వానాకాలం కారులోకి నీళ్లొస్తే తాళం కూడా తిప్పకు, సర్వీసు వాళ్లతో టో చేయించు. ఐఎస్‌జీని తిప్పే ఇంజిన్ బెల్టు కీచుమంటున్నా, నడుస్తుండగా బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగినా వాయిదా వేయకు. ఆ బెల్టు తెగితే రెండు బ్యాటరీలకూ ఛార్జింగ్ ఆగిపోతుంది.

ఇట్లు,
మామయ్య